గడ్డం బిగిద్దామనుకున్న శనివారం

మనిషి ముఖానికి జరగగల ప్రమాదాలు చాలా ఉన్నాయి. మొటిమలు రావచ్చు, తేనెటీగ కుట్టవచ్చు, ఆధార్ కార్డుకి ఫొటో తీయవచ్చు. ఈ మూడింటినీ తట్టుకుని నిలబడ్డ నా ముఖం, ఒక శనివారం మధ్యాహ్నం, చల్లటి ఏసీ గదిలో, మెత్తటి బల్ల మీద, నేను సంతకం పెట్టి మరీ అనుమతి ఇవ్వగా సర్వనాశనమైంది. ఎలాగో చెప్తాను. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. సికింద్రాబాద్‌లో సగం మంది అప్పుడే నవ్వేశారు, ఇక మిగిలింది మీరే.

ఇది నాలుగేళ్ల కిందటి మాట. నాకప్పుడు నలభై తొమ్మిది. పెళ్లయి విజయనగరం నుంచి చిలకలగూడ వచ్చి పాతికేళ్లు దాటింది. సికింద్రాబాద్‌లోనే కార్ఖానా అనే పేటలో, ఒక రక్తపరీక్షల కేంద్రంలో ముందు కౌంటర్లో కూర్చుంటాను. "ఏ టెస్టమ్మా? పరగడుపున వచ్చారా? అక్కడ కూర్చోండి, పిలుస్తారు" అనడం నా ఉద్యోగం. అప్పటికి పదకొండేళ్లుగా అదే అంటున్నాను. వచ్చేవాళ్లలో సగం మందికి సూదంటే భయం. వాళ్లని మాటల్లో పెట్టి లోపలికి పంపడంలో నాకు నేనే సాటి అని నా గట్టి నమ్మకం. "ఏముందండీ, చీమ కుట్టినట్టుంటుంది" అని నేను ధైర్యం చెప్పానంటే, గుమ్మం దాకా వెళ్లిపోయిన మనిషి కూడా తిరిగొచ్చి చొక్కా చెయ్యి పైకి మడిచేవాడు.

ఆ పదకొండేళ్లలో నేను మాత్రం ఒక్కసారీ ఆ సూది పెట్టించుకోలేదు. స్టాఫ్‌కి ఏటా ఉచితంగా టెస్టులు చేస్తారు. ఏటా ఆ రోజు నాకు తలనొప్పి వచ్చేది. ఈ సంగతి మీకు తప్ప ఇంకెవరికీ చెప్పలేదు.

ఇలా రోజులు హాయిగా సాగుతుంటే మాకు కొత్త మేనేజరు వచ్చారు. ముందు కౌంటరుకి ఇద్దరెందుకు, ఒక్కరు చాలన్నారు. ఆ ఇద్దరిలో ఒకరు నేను, రెండోది కొత్తగా చేరిన స్వప్న అనే ఇరవై నాలుగేళ్ల అమ్మాయి. "సోమవారం మీ ఇద్దరి వర్క్ చూస్తాను. ఒకరు కౌంటర్లో ఉంటారు, ఇంకొకరు మూడో అంతస్తులో రికార్డు గదికి వెళ్తారు" అని చెప్పేసి వెళ్లిపోయారు.

మూడో అంతస్తు రికార్డు గదిలో పాత కాగితాల కట్టలు, కిర్రుమనే ఒక ఫ్యాను, కిటికీలో పావురాలు తప్ప మనిషన్నవాడు ఉండడు. రోజంతా నోరు మూసుకుని కూర్చోవాలి. పావురాలతో ఎంతసేపని మాట్లాడతాం? నవ్వులాటకి చెప్తున్నాను గానీ, ఆ రోజు నాకు నిజంగానే ఏడుపొచ్చింది. భయపడుతూ వచ్చిన మనిషి నవ్వుతూ బయటికి వెళ్తుంటే నా కడుపు నిండేది. ఆ కుర్చీ పోతే నేనేమైపోతానో నాకే తెలియలేదు.

బుద్ధున్నవాళ్లెవరైనా అప్పుడు సోమవారం పని ఎలా బాగా చేయాలా అని ఆలోచిస్తారు. నేను వెళ్లి అద్దం ముందు నిలబడ్డాను. గడ్డం కింద ఇంకో గడ్డం కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. బుగ్గలు కిందికి దిగి దానికి కబుర్లు చెబుతున్నాయి. స్వప్న ముఖం తలుచుకున్నాను. నా పని అయిపోయిందనుకున్నాను.

మా కేంద్రంలో రక్తం తీసేది షాహీన్. జనగామ పిల్ల, చెయ్యి చాలా తేలిక. నా బాధ ఆమెకి చెప్పుకున్నాను.

"నీ మొహానికి ఏమైంది అక్కా, మంచిగనే ఉన్నది గదా" అంది.

"స్వప్న పక్కన కూర్చుంటే తెలుస్తుంది ఎంత మంచిగా ఉందో."

"సార్ పని చూస్తా అన్నడు. మొహం చూస్తా అనలే."

"అందరూ అలాగే అంటారు షాహీన్."

నేను అదే పాట పాడుతుంటే విసిగిపోయి ఆమే చెప్పింది. "మా వదిన ఒకటి చేయించుకున్నది అక్కా. రేడియోఫ్రీక్వెన్సీ అంటరు. సూదులుండయ్, కోసుడుండదు. పైనుంచే వేడి పెడ్తరు, చర్మం జెర బిగుస్తది. గాని టైం పడ్తది, రెండు మూడు నెలలు ఆగాలె."

నేను "సూదులుండయ్" వరకే విన్నాను.

వెంటనే వాళ్ల వదిన వెళ్లిన క్లినిక్‌కి ఫోన్ చేశాను. శనివారం మధ్యాహ్నం రమ్మన్నారు. మెడకీ చెవులకీ లోహం ఏదీ ఉండకూడదు, ఇంట్లోనే తీసేసి రండి అన్నారు. చెవులవి తీయడం ఎంతసేపు. మెడలోవే చిక్కు. మా ఇళ్లల్లో పుస్తెలు ఊరికే తీయరు. కంసాలికి మెరుగు పెట్టడానికి ఇవ్వాల్సి వచ్చినా, మెడ బోసిగా ఉండకుండా ముందు పసుపుతాడుకి ఒక పసుపు కొమ్ము కట్టుకుని, ఆ తర్వాతే పుస్తెలు తీస్తాం. కట్టే అధికారం మా అత్తయ్యది.

"ఏటమ్మా, పుస్తెలు తీస్తానంటన్నావు?" అంది అత్తయ్య.

"మెరుగు పెట్టిద్దామని అత్తయ్యా."

"ఇప్పుడేటి మెరుగు? బాగానే మెరుస్తన్నాయి కదా."

"ఆఫరుంది అత్తయ్యా, ఈ ఒక్కరోజే."

ఆఫరు అన్నాక అత్తయ్య ఎవరికీ ఎదురు చెప్పదు. తెల్లదారం తొమ్మిది పోగులు పేనింది. ఊరి నుంచి తెప్పించుకున్న పసుపు ముద్దలా కలిపి తాడుకి పట్టించింది. ఆరాక ఇంకోసారి పట్టించింది. "చాలు అత్తయ్యా" అంటే, "నా కొడుకు ఆయుష్షుకి చాలేటి" అని మూడోసారి కూడా పట్టించింది. చిటికెన వేలంత కొమ్ము కట్టి, దండం పెట్టుకుని నా మెడలో ముడేసింది. పుస్తెలు పర్సులో పెట్టుకుని, ఆడిన అబద్ధానికి లోలోపల గర్వపడుతూ బయల్దేరాను. ఆ ఒక్క అబద్ధం ఆడకపోయుంటే ఈ కథే లేదు. తొందరపడకండి, అది తర్వాత చెప్తాను.

క్లినిక్‌లో ఆ మెషీన్ పట్టుకునే అమ్మాయి చాలా మర్యాదస్తురాలు.

"మేడం, గుండెల పేస్‌మేకర్ గిట్ల ఏమన్న ఉన్నదా?"

"లేదమ్మా."

"మెటల్ అన్నీ తీసేసిండ్రు గదా?"

"చూడు కావాలంటే."

చూసింది. "గిదేంది మేడం?"

"పసుపు కొమ్ము. లోహం కాదు, దుంప."

"సరే గాని, తీసేస్తే బాగుంటది. మెడకు జెల్ రాస్త, తడిసిపోతది."

"తడవనీ. అది తీసేది కాదమ్మా."

"పది నిమిషాలే మేడం."

"పది నిమిషాల్లో మా ఆయనకి ఏమైనా అయితే నువ్వొచ్చి మా అత్తయ్యకి సమాధానం చెప్తావా?"

ఆ అమ్మాయికి ఇంకా పెళ్లి కాలేదు. అత్తయ్య అన్న మాట వినగానే వెనక్కి తగ్గింది. తాడుని కొంచెం పక్కకి జరిపి వదిలేసింది. ఆ తర్వాత ఓపికగా వివరించింది. ఈ తరంగాలు చర్మం పైపొరని ఏమీ చేయకుండా లోపల వేడి పుట్టిస్తాయట. ఆ వేడికి చర్మాన్ని పట్టి ఉంచే కొలాజెన్ ముడుచుకుంటుందట, మెల్లమెల్లగా కొత్తది తయారవుతుందట. పొద్దున్నే రేడియోలో వార్తలు విని పెరిగినదాన్ని కాబట్టి రేడియో అన్న మాట మీద నాకు మొదటినుంచీ గౌరవం.

"మొత్తం నాలుగు సిట్టింగులు. రెండు మూడు నెలలకు తేడా తెలుస్తది మేడం."

"నాకు సోమవారం పొద్దున తొమ్మిదింటికి కావాలి."

ఆ అమ్మాయి బల్ల మీద టవల్ సర్దింది. "పండుకోండి మేడం" అంది.

ఇక్కడ ఆ గది గురించి చెప్పాలి. వచ్చినవాళ్ల మనసు ప్రశాంతంగా ఉండాలని నారింజ రంగు దీపాలు పెట్టారు. ఆ వెలుగులో గోడలు, టవళ్లు, ఆ అమ్మాయి, నేను, అందరం ఒకే రంగు. మెడకీ బుగ్గలకీ నుదుటికీ దండిగా జెల్ పూసి, గుండ్రటి మెషీన్ మూతితో రుద్దడం మొదలుపెట్టింది. అప్పుడే ఇస్త్రీ చేసిన నూలు చీర చెంపకి ఆనించినట్టు వెచ్చగా ఉంది. మెడ మీద తాడు జెల్‌లో నానింది. అత్తయ్య మూడు సార్లు పట్టించిన పసుపు వెచ్చటి జెల్‌లో సుఖంగా కరిగింది. మెషీన్ మెడ మీదినుంచి బుగ్గకి, బుగ్గ మీదినుంచి నుదుటికి, మళ్లీ మెడకి తిరుగుతూ దాన్ని ఎక్కడా తక్కువ కాకుండా పరిచింది. నేను గుర్రుపెట్టి నిద్రపోయాను.

చివరికి టవల్‌తో తుడిచి లేపింది. "ఇవ్వాళ సబ్బు పెట్టొద్దు. ఎండల తిరగొద్దు" అని చెప్పింది. బుద్ధిగా తలూపి బయటికొచ్చి ఆటో ఎక్కాను.

డ్రైవరు అద్దంలోంచి రెండుసార్లు చూశాడు. "ఎక్కడమ్మా పెండ్లి?" అన్నాడు.

నేనూ ఆ అద్దంలోకి చూశాను. అందులో గౌరీపూజకి చేసిన పసుపు ముద్దకి కళ్లజోడు పెట్టినట్టున్న ఒకావిడ నన్నే చూస్తోంది.

ఇంటికెళ్లేసరికి అత్తయ్య గుమ్మంలో ఉంది. నన్ను చూసి రెండు చేతులూ బుగ్గలకి ఆనించుకుంది. "ఇన్నాళ్లకి నా కళ్లకి లచ్చిందేవిలా కనపడ్డావే తల్లీ. మొకానికి పసుపు రాసుకోమని పాతికేళ్లుగా మొత్తుకుంటన్నాను" అని కళ్లు తుడుచుకుంది. మా ఆయన పేపర్లోంచి తలెత్తి, "ఎవరింట్లో పేరంటం?" అని మళ్లీ పేపర్లోకి వెళ్లిపోయారు.

నేను నేరుగా స్నానాల గదిలోకి వెళ్లాను. సబ్బు పెట్టొద్దన్న సంగతి గుర్తుంది, అయినా బట్టల సబ్బే తీశాను. పెళ్లిళ్లలో పారాణి ఎలా చేస్తారో తెలిసినవాళ్లు ఇక్కడ కళ్లు మూసుకుంటే మంచిది. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుందని మన ఇళ్లల్లో పుట్టిన ఏ ఆడపిల్లకైనా తెలుసు. సబ్బుకి కూడా ఆ బుద్ధే ఉందన్నది ఆ క్షణంలో నాకు తోచలేదు. ముఖం మీద నురగ కడిగేసరికి పసుపు పోయింది. దాని స్థానంలో ఇటుక రంగు వచ్చి కూర్చుంది.

"పసుపు మీద సబ్బేటే, పారాణైపోద్ది" అంది తలుపవతల నుంచి అత్తయ్య. "నిమ్మకాయ రాయి, ఇరిగిపోద్ది."

నిమ్మకాయ రాశాను. ఎరుపు విరిగిన మాట నిజమే. దాని కింద నుంచి పసుపు మళ్లీ చక్కగా తేలింది. ఆదివారమంతా పెరుగు రాశాను, శనగపిండి రాశాను. సోమవారం పొద్దున్న చూస్తే, మెడ నుంచి నుదుటి దాకా లేత నిమ్మపండు రంగు అలాగే ఉంది. గడ్డం కింద గడ్డం కూడా అలాగే ఉంది.

మాస్కు పెట్టుకోవచ్చు కదా అంటారేమో. పెట్టుకున్నాను. నుదురు కనపడుతూనే ఉంది. పైగా కౌంటర్లో ముఖం కనపడాలని మేనేజరు రాగానే దాన్ని తీయించారు. తీయించి, ఒకడుగు వెనక్కి వేశారు.

"మేడం, మీ హెల్త్ ఓకేనా?"

"బాగానే ఉన్నాను సర్."

"ఎన్ని రోజుల నుంచి ఇలా ఉంది?"

"శనివారం నుంచి సర్."

"ఆకలేస్తోందా?"

"బాగా వేస్తోంది సర్."

ఆయనకి నా మాట మీద నమ్మకం కుదరలేదు. "జాండిస్ ఉన్నవాళ్లు రక్తపరీక్షల సెంటర్లో ముందు కూర్చుంటే ఎలా? ఇప్పుడే బిలిరుబిన్ టెస్ట్ చేయించుకోండి" అన్నారు. నిజం చెప్పొచ్చు కదా అని మీరు అడిగేలోపే చెప్తాను. స్వప్నలా కనపడదామని వెళ్లి ఇలా తయారయ్యానని, ఆ స్వప్న పక్కనే ఉండగా చెప్పడానికి నాకు నోరు రాలేదు. షాహీన్‌కి మాత్రం చూడగానే అంతా అర్థమైంది. గ్లవుజు వేసుకున్న చేతిని నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది.

సరిగ్గా అప్పుడే గుమ్మం దగ్గర గొడవ మొదలైంది. బోయిన్‌పల్లి మార్కెట్లో టమాటాల మండీ నడిపే మల్లయ్యగారని, అంతకుముందు రెండుసార్లు మా గుమ్మం దాకా వచ్చి సూది పేరు వినగానే తిరిగి వెళ్లిపోయిన పెద్దాయన. ఆయనకి నిజమైన కామెర్లు. కళ్లు పచ్చగా ఉన్నాయి, మనిషి నీరసంగా ఉన్నాడు. కూతురు చెయ్యి పట్టుకుని బతిమాలుతోంది.

"నాయినా, డాక్టర్ రాసిండు గదా. కండ్లు చూడు ఎట్లున్నయో. దండం పెడ్త, లోపటికి రా."

"నేను రాను. పసరు తాగుత, తగ్గుతది. గీ సూదులు నాకొద్దు."

"అంకుల్, ముందు ఫామ్ ఫిల్ చేయండి" అంది స్వప్న. ఆయన ఇంకో మెట్టు దిగాడు.

నేను కుర్చీలోంచి లేచాను. మేనేజరు చూస్తున్నారన్న సంగతి కూడా మర్చిపోయాను. "అయ్యా, ఒక్క నిమిషం" అని ఎదురెళ్లాను. ఆయన నన్ను చూసి ఆగిపోయాడు.

"గీ అమ్మకు నాకన్న ఎక్కువున్నది గదా" అన్నాడు కూతురితో. తర్వాత నాతో, "నీకు సుత కామెర్లేనా బిడ్డా?" అని అడిగాడు.

హాల్లో ఉన్నవాళ్లంతా నా వైపు తిరిగారు. "నేనూ ఇప్పుడు టెస్టుకే వెళ్తున్నానండి" అన్నాను. అందులో అబద్ధం లేదు కదా.

"గట్లయితే నువ్వు ముందు పెట్టించుకో. నేను చూస్త. నీకు ఏం కాకుంటే అప్పుడు నేను కూసుంట."

ఇక తప్పించుకునే దారి లేదు. ఆ రోజు తలనొప్పి కూడా రాలేదు. వెళ్లి ఆ కుర్చీలో కూర్చున్నాను. షాహీన్ నా జబ్బకి రబ్బరు పట్టీ కట్టింది. మల్లయ్యగారు, కూతురు, మేనేజరు, ఇంకో పదిమంది చుట్టూ నిలబడ్డారు.

"షాహీన్, నిజం చెప్పేద్దామా?" అన్నాను గుసగుసగా.

"చెప్పు అక్కా. సార్ గూడ ఈడనే ఉన్నడు."

నోరు మూసుకున్నాను. సూది నా చర్మానికి తగిలిందో లేదో నాకు తెలియదు. నోరు మాత్రం దానంతటదే తెరుచుకుంది. "అమ్మోయ్" అన్న కేకతో పాటు, "కామెర్లు కావు, పసుపు, పసుపుతాడు కరిగింది, గడ్డం బిగించుకుందామని వెళ్లాను, నన్ను వదిలేయండి" అని ఒక్క గుక్కలో అంతా బయటికొచ్చేసింది. రోడ్డవతల టీకొట్టులో కూడా వినపడిందని తర్వాత చెప్పారు.

ముందుగా నవ్వింది మల్లయ్యగారు. ఎన్నాళ్లకి నవ్వాడో, కూతురు నోరు తెరిచి ఆయన్నే చూస్తూ ఉండిపోయింది. నవ్వి నవ్వి వచ్చి నా రెండో చెయ్యి పట్టుకున్నాడు. "ఏం గాదు బిడ్డా, అయిపాయె. చీమ కుట్టినట్టు ఉంటది, గంతే. గింత దానికి మొత్తుకుంటరా?" అని నాకు ధైర్యం చెప్పాడు. నాకు ధైర్యం చెబుతూనే పక్క కుర్చీలో కూర్చున్నాడు. చెబుతూనే చెయ్యి చాపాడు. షాహీన్ ఆయన రక్తం తీసి దూది పెట్టేసరికి కూడా ఆయన ఇంకా నాకు చెబుతూనే ఉన్నాడు. ఆ కూతురు నా భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది. ఆమె చెంపకి కూడా కొంచెం పసుపు అంటింది.

సాయంత్రం మేనేజరు పిలిచారు. "మీ రిపోర్ట్ నార్మల్" అన్నారు. "రెండుసార్లు వెనక్కి వెళ్లిన పేషెంట్ ఈరోజు శాంపిల్ ఇచ్చాడు. కౌంటర్లో మీరే ఉండండి. కాకపోతే మేడం, వచ్చిన ప్రతివాళ్ల ముందూ అలా అరవక్కర్లేదు." రికార్డు గది పాపం స్వప్నకి వచ్చిందే అని బాధపడుతూ వెళ్తే, ఆ అమ్మాయి గంతులేస్తోంది. "ఆంటీ, మనుషులతో మాట్లాడాలంటే నాకు చెమటలు పడతాయి. మీకే కౌంటర్ రావాలని మొక్కుకున్నా" అంది. నా మీద పోటీకి వచ్చిందనుకున్న మనిషి ఆంజనేయస్వామికి మొక్కుకుంది నా కోసమేనట.

ఆ రాత్రి భోజనాల దగ్గర అత్తయ్యకి అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. ఆమె చల్లగా మజ్జిగ తాగి, "ఓసి పిచ్చిదానా, నాకు సెప్తే కొమ్ము సేతికి కట్టేదాన్ని కదా. మెడకే కట్టాలని ఎవరన్నారు?" అంది. మిగిలిన మూడు సిట్టింగులకీ చేతికి కొమ్ము కట్టుకుని వెళ్లాను. నాకు తోడుగా అత్తయ్య కూడా వచ్చింది. మూడోసారికి, "నా వయసుకి పనిసేస్తాదేటమ్మా ఇది?" అని ఆ అమ్మాయిని రహస్యంగా అడగడం నేను విన్నాను.

మూడు నెలలు గడిచాయి. నేను అద్దం సంగతే మర్చిపోయాను. ఒకరోజు మల్లయ్యగారు మళ్లీ పరీక్షకి వచ్చాడు. కళ్లు తెల్లగా మెరుస్తున్నాయి, మనిషి కాస్త ఒళ్లు చేశాడు. చూడగానే ప్రాణం లేచొచ్చినట్టయింది. ఆయన మాత్రం నన్ను దాటి అటూ ఇటూ వెతుకుతున్నాడు.

"గా పచ్చమొకం అమ్మ లేదా?"

"నేనేనండి."

"నువ్వు కాదు. ఆమె పెద్దామె. ఆమెకు గడ్డం కింద గింత ఉండె" అని చేత్తో కొలత చూపించాడు. "నువ్వు ఆమె చెల్లెవా?"

నలభై తొమ్మిదేళ్లు దాటిన ఆడదాన్ని, ఇంత మంచి మాట విని కళ్లు చెమర్చకుండా ఉంటాయా. "నేనేనండీ, నిజంగా నేనే" అన్నాను.

ఆయన నమ్మలేదు. "షాహీన్ బిడ్డా, గీమెకు ఒకసారి సూది చూపియ్యి" అన్నాడు.

షాహీన్ సూది పాకెట్ తీసి చించింది. చించిన చప్పుడికే నేను పెట్టిన కేకకి పైనుంచి స్వప్న పరిగెత్తుకొచ్చింది.

"ఆఁ, ఆమెనే" అని మల్లయ్యగారు నిశ్చింతగా కూర్చుని చెయ్యి చాపాడు.

అందుచేత అందరి ఎదుటా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా ముఖానికి ఏం చేయించుకున్నా అత్తయ్యతో అబద్ధమాడి చేయించుకోను. రెండు మూడు నెలలు పట్టేదాన్ని సోమవారం తొమ్మిదింటికి ఇమ్మని అడగను. పసుపు మీద సబ్బు పెట్టను. ఈ ప్రమాణం కాగితం మీద రాసి సాక్షి సంతకం చేయమని షాహీన్‌కి ఇచ్చాను. "గింత పెద్ద ప్రమాణానికి సిరా సరిపోదక్కా, నెత్తురుతో సంతకం పెట్టాలె, వేలియ్యి" అని ఆమె డ్రాయర్లో చెయ్యి పెట్టింది. ప్రమాణం నోటిమాటతోనే సరిపెట్టాం.